పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఎలా జరపాలి: పొద్దున ఉపన్యాసం, సాయంత్రం కచేరీ, నడుమ మన మాటలు

ప్రతి ఏడాదీ దసరా హడావుడి తగ్గగానే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "మేము చదువు ముగించి ముప్ఫై ఏళ్లయింది. మళ్లీ ఆ ప్రాంగణంలోనే కలుసుకుందామనుకుంటున్నాం. పొద్దున ఎవరిదైనా మంచి ఉపన్యాసం, సాయంత్రం ఒక కచేరీ పెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" అడిగేవాళ్లలో గుంటూరు, విజయవాడ కాలేజీలవాళ్లు ఉంటారు. రెండు ఊళ్ల నడుమ జాతీయ రహదారి పక్కన ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లూ ఉంటారు. ఇలాంటివి నాలుగు నడిపాను. అందులో ఒకటి చెడగొట్టాను కూడా. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. హైదరాబాదులో రాత్రి రైలెక్కి వచ్చేవాడు పాత పక్కబెంచీవాడి కోసం వస్తాడు. ఉపన్యాసమూ కచేరీ ఆ కలయికకు రెండు గట్లు. కాలవ పూడ్చి గట్లు పెంచుకుంటూ పోతే నీరు పారదు. కాబట్టి కింద చెప్పిన పనుల్లో ఎక్కడ సందేహం వచ్చినా వేదిక మీది సమయాన్ని తగ్గించండి, కింద కూర్చున్నవాళ్ల సమయాన్ని పెంచండి.

కావలసినవి

- అయిదుగురు పనిమంతులు. సలహాలిచ్చేవాళ్లు ఎంతమంది ఉన్నా లెక్కలోకి రారు.
- కనీసం నాలుగు నెలల వ్యవధి. విదేశాల్లో ఉన్నవాళ్లు రావాలంటే ఆరు నెలలు.
- మీ బ్యాచ్ పూర్తి జాబితా, పోయినవాళ్ల పేర్లతో సహా.
- మూసిన హాలు, దాని పక్కనే భోజనాలకు నీడ.
- ఇద్దరి పేరు మీద ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఒక లెక్కల పుస్తకం.
- విడిగా ఒక మైకు సెట్టు మనిషి. హాలు మైకును నమ్ముకోవద్దు, ఎందుకో తరువాత చెబుతాను.
- పెద్ద అక్షరాల పేరు బిళ్లలు, గోడ గడియారం ఒకటి. గడియారం వేదికకు ఎదురుగా, మాట్లాడేవాళ్లకు కనిపించేలా ఉండాలి.

1. తేదీ ఖాయం చేయడం

డిసెంబరు చివరి వారం నుంచి సంక్రాంతి వెళ్లిన వారం దాకా మన ప్రాంతానికి మంచి కాలం. ఎండ బాధ ఉండదు, అమెరికావాళ్లు ఊళ్లో ఉంటారు. ఏప్రిల్, మే నెలలు మాత్రం తలపెట్టకండి. బెజవాడ ఎండకు డెబ్భై ఏళ్ల మాస్టారిని బయటికి రప్పించడం పాపం.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. పంచాంగం తెరిచి పెళ్లి ముహూర్తాలు లేని రోజులు చూడండి. ధనుర్మాసం, పుష్య మాసం, మూఢం రోజుల్లో వంటవాళ్లు, టెంటు హౌసువాళ్లు, ఫోటోగ్రాఫర్లు ఖాళీగా ఉంటారు. అదే మాఘంలో బలమైన ముహూర్తం ఉన్న ఆదివారం పెట్టుకున్నారనుకోండి, వంటమనిషి మీ ఫోను ఎత్తడు, మీ మిత్రుల్లో సగం మంది ఏదో ఒక పెళ్లిలో ఉంటారు.

రైలు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటాయి, 2024 నవంబరు దాకా అది 120 రోజులు. సంక్రాంతి రైళ్లు తెరిచిన కాసేపటికే నిండిపోతాయి కాబట్టి తేదీ అంతకంటే చాలా ముందే అందరి చేతిలో ఉండాలి.

జాగ్రత్త: తేదీ చాటే ముందు ఆ రోజు ప్రాంగణంలో పోటీ పరీక్షల కేంద్రం, స్నాతకోత్సవం, ఎన్నికల పని లాంటివి ఏమైనా ఉన్నాయేమో కార్యాలయంలో అడగండి. వాట్సాప్‌లో ఓటింగు పెట్టి తేదీ నిర్ణయించాలని చూడకండి. రెండు తేదీలు మీరే ఎంచి, ఒకటి మీరే ఖాయం చేయండి. అందరికీ కుదిరే రోజు ఏ పంచాంగంలోనూ లేదు.

2. అనుమతి, హాలు

రిజిస్ట్రారుకు లేదా ప్రిన్సిపాలుకు ఒక పేజీ దరఖాస్తు రాయండి. తేదీ, వేళలు, వచ్చేవారి సంఖ్య, ఉపన్యాసకుడి పేరు, విషయం, కచేరీ వివరం, శుభ్రం చేసి అప్పగిస్తామన్న హామీ ఉంటే చాలు. ఉపన్యాసానికి ప్రస్తుత విద్యార్థులను కూడా పిలుస్తామని తప్పక రాయండి. కాలేజీల, విశ్వవిద్యాలయాల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ పూర్వ విద్యార్థుల తోడ్పాటునూ చూస్తుంది. మీ కార్యక్రమం వాళ్ల నివేదికకూ పనికొస్తుందని తెలిస్తే కాగితం త్వరగా కదులుతుంది. దరఖాస్తు ఇచ్చి ఊరుకోకుండా రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

మైకుకు పోలీసుల అనుమతి వేరే. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలుంది. మీరు కార్యక్రమం చేసేదే విద్యాసంస్థలో. అందుకే పచ్చిక మీద వెన్నెల్లో కచేరీ అన్న ఊహ ఎంత అందంగా ఉన్నా మూసిన హాలే ఎంచుకోమంటాను. హాస్టల్లో పరీక్షలకు చదువుకునే పిల్లలు మనల్ని తిట్టుకోకుండా ఉంటారు.

ప్రాంగణంలో హాలు దొరకకపోతే విజయవాడలో తుమ్మలపల్లి క్షేత్రయ్య కళాక్షేత్రం ఉంది, గుంటూరులో శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ఉంది. అప్పుడు పొద్దున ప్రాంగణంలో తరగతి గదులు తిరిగి, సాయంత్రానికి అక్కడికి చేరండి. బస్సు మాట్లాడితే కాజ టోల్‌గేటు దగ్గర పట్టే సమయం కూడా లెక్కలో వేసుకోండి.

3. జాబితా, పిలుపులు

వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లే బ్యాచ్ అనుకోవడం మొదటి పొరపాటు. ఆ గ్రూపులోకి రానివాళ్లలోనే ఊరు విడిచి పోనివాడు, చదువు మధ్యలో ఆపినవాడు, హాస్టల్ మెస్సులో వడ్డించిన అన్న ఉంటారు. శాఖ కార్యాలయంలో పాత హాజరు పట్టీ లేదా ప్రవేశాల రిజిస్టరు చూసి పేర్లు రాసుకోండి. ఒక్కొక్కరు పదిమంది బాధ్యత తీసుకుని స్వయంగా ఫోను చేయాలి. ఫార్వర్డు చేసిన ఆహ్వానపత్రికకు చేతులు జోడించిన బొమ్మ వస్తుంది, మనిషి రాడు.

ఫోనులో అడగాల్సినవి నాలుగే: వస్తున్నారా, ఎవరితో వస్తున్నారు, రాత్రి బస కావాలా, మెట్లు ఎక్కగలరా. చివరి ప్రశ్న విని నవ్వుతారు. నవ్వాక అరవై దాటినవాళ్లు మోకాళ్ల సంగతి చెబుతారు.

4. డబ్బు

తలకు ఇంత అని ముందే వేసుకోండి. ఉదాహరణకు 150 మంది, తలకు రూ.1,500 అంటే రూ.2,25,000. అందులో తిండికే సగానికి పైగా పోతుంది. మిగిలినదాంట్లో మైకు, కళాకారుల పారితోషికం, ప్రయాణాలు, గురువుల కానుకలు, హాలు అద్దె. ఇవ్వలేని మిత్రుడు ప్రతి బ్యాచ్‌లో ఉంటాడు. అతని వంతు ఎవరు కట్టారన్నది కోశాధికారికి తప్ప మూడో మనిషికి తెలియకూడదు. దాతల పేర్లు మొత్తాలతో సహా గ్రూపులో పెట్టే అలవాటు మానండి. నేను చెడగొట్టానన్న సమ్మేళనంలో ఆ జాబితా పెట్టింది నేనే. పేరు లేని ఆరుగురూ రాలేదు.

విదేశీ మిత్రుల డబ్బు దగ్గర చాలామంది తడబడతారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం చూడాల్సింది దాత పౌరసత్వం. భారత పాస్‌పోర్టు ఉన్నవాడు అక్కడి జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఆ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. తీసుకున్నాక సర్దుకుందామని అనుకోకండి, ముందే ఆడిటరును అడగండి.

ఒక్కరోజు కలయికకు సంఘం నమోదు అవసరం లేదు. ఏటేటా జరపాలని, నిధి పెట్టాలని ఉంటే మాత్రం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో నమోదు చేయించండి.

5. ఉపన్యాసం

వక్తను వెతికే ముందు విషయాన్ని వెతకండి. "విజయానికి సోపానాలు" లాంటివి వద్దు. తాను ముప్ఫై ఏళ్లు చేసిన పని గురించి మీ మిత్రుడే మాట్లాడితే అంతకన్నా మంచిది లేదు. నీటిపారుదల శాఖలో పనిచేసినవాడు ఉంటే కృష్ణ మీద 1855లో పూర్తయిన ఆనకట్ట 1952లో ఎలా తెగింది, 1957లో ప్రకాశం బ్యారేజీ ఎలా వచ్చింది అని చెప్పించండి. రోజూ దాని మీదుగా వెళ్లేవాళ్లు కూడా నోరు తెరుచుకుని వింటారు. చరిత్ర శాఖవాళ్లయితే అమరావతి శిల్పాలు చెన్నైకి, లండనుకు ఎలా చేరాయన్నది ఉంది. వ్యవసాయం చదివినవాడికి గుంటూరు మిర్చి ఉండనే ఉంది.

సమయం 40 నిమిషాలు, ప్రశ్నలకు 15. ఈ సంగతి పిలిచిన రోజే చెప్పండి, ముందురోజు మళ్లీ చెప్పండి. వక్తను పరిచయం చేసేవాడికి రెండు నిమిషాలు ఇచ్చి, పరిచయం రాయించి చదివించండి. చూడకుండా పరిచయం చేసేవాళ్లు తమ హాస్టల్ రోజుల్లోకి జారిపోతారు.

ఏటా జరపాలంటే ధర్మనిధి ఉపన్యాసంగా పెట్టవచ్చు. మీకు చదువు చెప్పిన ఒక ఆచార్యుడి పేరు మీద కొంత మొత్తం సంస్థ దగ్గర జమ చేస్తే, వడ్డీతో ఏటా స్మారకోపన్యాసం నడుస్తుంది. ఏడు శాతం వడ్డీ అనుకుంటే అయిదు లక్షల మీద ఏడాదికి రూ.35,000. వక్త రాకపోకలకు, చిన్న పుస్తకం అచ్చుకు అది సరిపోవాలి. ఒప్పంద పత్రంలో ఏ నెలలో జరపాలో, వక్తను ఎవరు ఎంచాలో, ఒక ఏడు జరగకపోతే ఆ వడ్డీ ఏం కావాలో రాయించుకోండి. ఈ మూడూ రాసుకోని నిధులు కాగితం మీద పెరుగుతూ ఉంటాయి, ఉపన్యాసం మాత్రం జరగదు.

6. కచేరీ

ఎవరిని పిలవాలన్నది మీ ఇష్టం, ఎంతసేపు అన్నది నేను చెబుతాను. రెండు గంటలు. కర్ణాటక సంగీతమైతే వర్ణంతో మొదలై, మూడు నాలుగు కృతులు, ఒక ప్రధాన కృతి, తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టం), చిన్న కీర్తనలు, మంగళంతో అంతలో హాయిగా ముగుస్తుంది. పెద్ద పేరున్న విద్వాంసులు దొరకకపోతే చిన్నబోవద్దు. విజయవాడలో ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చోటు అది. అక్కడి అధ్యాపకులను అడిగితే చక్కగా పాడే యువకళాకారులను చెబుతారు.

కచేరీ మీద మీ వాళ్లకు ఆసక్తి లేకపోతే మన ప్రాంతంలో వేరే దారులున్నాయి. గుంటూరు, తెనాలి వైపు రాయబారం పద్యాలు హార్మోనియం మీద పాడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక గంట పద్యాలు పెడితే "వన్స్‌మోర్" అని అరిచే మిత్రుడు ఎవరో ఆ రోజే బయటపడతాడు. బుర్రకథకు పేరుపడ్డ నాజరు పుట్టిన పొన్నెకల్లు గుంటూరు జిల్లాలోనే ఉంది, బుర్రకథ దళాన్ని పిలవండి. తెలుగు శాఖ బ్యాచ్ అయితే అష్టావధానం బాగుంటుంది. ఎనిమిది మంది పృచ్ఛకులను, అంటే అవధానిని ప్రశ్నలడిగేవాళ్లను, మీలోంచే వేసుకోవచ్చు, అవధాని ఏకాగ్రత చెడగొట్టే అప్రస్తుత ప్రసంగానికి తరగతిలో మాస్టారి చేత ఎక్కువసార్లు బయటికి పంపించబడ్డవాడు సరిగ్గా సరిపోతాడు. దానికి మూడు గంటలు పడుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

సినిమా పాటల విభావరి పెట్టాలని చాలామంది అడుగుతారు. పెట్టండి. కానీ త్యాగయ్య 1847లో కాలం చేశారు, ఆయన కృతులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. సినిమా పాటకు రచయిత, స్వరకర్త పోయాక కూడా 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. టికెట్టు పెట్టి జరిపితే హక్కుల సంస్థ నుంచి లైసెన్సు తీసుకోండి.

ఇక మైకు. సభ కోసం హాల్లో బిగించిన మైకు మాటకు పనికొస్తుంది, పాటకు చాలదు. ఒకసారి నేను దాన్నే నమ్ముకున్నాను. వీణ కచేరీ. మృదంగానికి దగ్గరగా పెట్టిన మైకు ఒక్కో దెబ్బకూ హాలంతా మోగింది. వీణ మాత్రం మొదటి వరుసలో కూర్చున్న, వాయించే విదుషీమణి శిష్యురాలికి తప్ప ఎవరికీ వినిపించలేదు. విదుషీమణి రెండుసార్లు పక్కకు చూసి సైగ చేశారు. మీటలు తిప్పాల్సిన కుర్రవాడు టిఫిను తినడానికి వెళ్లాడు. అప్పటి నుంచి నా నియమాలు ఇవి:

- గాత్రానికి ఒకటి, వయొలినుకు ఒకటి, మృదంగానికి రెండు, ఘటం ఉంటే ఇంకొకటి. కళాకారులు తమ ధ్వని తాము వినడానికి వేదిక మీద వాళ్ల వైపు తిప్పిన స్పీకర్లు రెండు.
- మైకు సెట్టు మనిషికి కచేరీకి ముందే టిఫిను పెట్టించాలి.
- ప్రతిధ్వని తగ్గించి పెట్టమనాలి. పెళ్లి పందిరి అలవాటులో దాన్ని పెంచుతారు.
- ఏసీ గంట ముందే వేయించాలి. జనం వచ్చాక వేస్తే గాలిలో తేమ మారి మృదంగం శ్రుతి సగం కచేరీలో కదులుతుంది. వేదిక మీది ఫ్యాను గాలి నేరుగా వాద్యాల మీదికి రాకూడదు.
- అడుగున్నర ఎత్తు బల్ల, దాని మీద తివాచీ. తెల్లటి ప్లాస్టిక్ కుర్చీలన్నీ వేదిక మీంచి దించేయాలి.

హెచ్చరిక: తని ఆవర్తనం మొదలవగానే టీకి లేవడం మన సభల్లో పాత జబ్బు. నిర్వాహకులు అదే అదునుగా శాలువాలు పట్టుకుని వేదిక ఎక్కడం కొత్త జబ్బు. సత్కారం కచేరీకి ముందే, అయిదు నిమిషాల్లో ముగించండి.

7. రోజు నడక

ఇది నాకు పనిచేసిన వరుస. మీకు తగ్గట్టు మార్చుకోండి, మధ్యాహ్నం ఖాళీని మాత్రం ముట్టుకోకండి.

ఉదయం 8.30 టిఫిను, పేరు బిళ్లలు. 10.00 సభ: ప్రార్థన, రెండు నిమిషాల స్వాగతం. 10.15 ఉపన్యాసం. 11.15 టీ. 11.30 పాత తరగతి గదిలో హాజరు. 12.30 బృంద ఛాయాచిత్రం. 1.00 భోజనం. 2.30 నుంచి 5.00 దాకా ఏ కార్యక్రమమూ లేదు. 5.00 టీ. 5.30 కచేరీ. 7.30 ఫలహారం, సెలవు.

ఆ రెండున్నర గంటల ఖాళీ చూసి మీ కమిటీలో ఒకరికి గుండె ఆగుతుంది. "ఊరికే కూర్చుంటారా? ఆటలు పెడదాం, అనుభవాలు చెప్పిద్దాం" అంటారు. ఊరికే కూర్చోనివ్వండి. చెట్టు కింద కుర్చీలు గుండ్రంగా వేసి, మంచినీళ్లు, మజ్జిగ పెట్టి వదిలేయండి. హాస్టల్ గది చూసి వస్తామని వెళ్లినవాళ్లు కచేరీ వేళకు గానీ తిరిగి రారు.

ఫోటో భోజనానికి ముందే ఎందుకంటే, భోజనం కాగానే దూరం వెళ్లాల్సినవాళ్లు జారుకుంటారు. మిట్ట మధ్యాహ్నం ఎండలో కళ్లు మూసుకుపోతాయి కాబట్టి భవనానికి ఉత్తరం వైపు నిలబెట్టండి. చలికాలం సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, ఆ వైపు నీడ దొరుకుతుంది.

పేరు బిళ్ల మీద పేరు తెలుగులో, చేయి చాచినంత దూరం నుంచి కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్దగా ఉండాలి. కింద హోదా వద్దు. శాఖ, హాస్టల్ గది నంబరు రాయండి. "ముప్ఫై రెండో నంబరా? అయితే కిటికీలోంచి మా బకెట్టు తీసుకెళ్లింది నువ్వేనా?" అన్న మాటతో మొదలైన సంభాషణ భోజనాల దాకా సాగడం నేను చూశాను.

8. భోజనం

దీని గురించి ఎక్కువ చెప్పను, మన వంటవాళ్లకు తెలుసు. ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర, గుత్తివంకాయ, పులిహోర, గడ్డ పెరుగు, ఒక బొబ్బట్టు. పదిహేను రకాలు పెట్టి వరుసలో నిలబెట్టే కంటే ఏడు రకాలు కూర్చోబెట్టి వడ్డించడం మేలు. పెద్దవాళ్లకు కారం తగ్గించిన కూర ఒకటి, చక్కెర లేని టీ విడిగా పెట్టించండి. వస్తామని రానివాళ్లూ, చెప్పకుండా ఇద్దరిని వెంటబెట్టుకొచ్చేవాళ్లూ ఉంటారు. తలకింత అన్న డబ్బు కట్టినవాళ్ల సంఖ్యనే వంటమనిషికి చెప్పి, పదిమందికి ఎక్కువ వండించండి.

9. గురువులు, హాజరు పిలుపు

నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో మొదలైంది. అంటే తొలి బ్యాచ్ విద్యార్థులకే డెబ్భై దాటాయి, వాళ్ల గురువుల వయసు మీరే లెక్కేసుకోండి. ఒక్కో గురువుగారికి ఒక్కో మిత్రుణ్ణి అప్పగించండి. ఇంటికి కారులో వెళ్లి తీసుకురావడం, పక్కన కూర్చోవడం, మందు వేళకు గుర్తు చేయడం, ఇంటి గుమ్మం దాకా దింపి రావడం అన్నీ అతని పనే. తీసుకురావడానికి పోటీ పడతారు, దింపే వేళకు ఎవరూ కనబడరు. అందుకే ఒకే మనిషి. వేదిక ఎక్కించకండి. మొదటి వరుసలో చేతులున్న కుర్చీలు వేసి, శిష్యులే కిందికి దిగి శాలువా కప్పండి.

హాజరు పిలుపు రోజంతటిలో నాకు ఇష్టమైన ఘట్టం. పాత గది, పాత బెంచీలు, మాస్టారి చేతిలో జాబితా. పేరు పిలిస్తే జిల్లా న్యాయమూర్తి అయినా లేచి "ప్రెజెంట్ సార్" అనాల్సిందే. మొదటిసారి మేము జాబితాను ఉన్నదున్నట్టు మాస్టారి చేతికిచ్చాం. పద్దెనిమిదో పేరు పిలిచారు. జవాబు లేదు. ఆయన అద్దాలు సవరించుకుని, "ఏమయ్యా, ఇవాళ కూడా ఆలస్యమేనా?" అని మళ్లీ పిలిచారు. అతను పోయి అప్పటికి ఆరేళ్లు. ఎవరూ ఆయనకు చెప్పలేదు. వెనక బెంచీలోంచి ఎవరో మెల్లగా చెప్పాక ఆయన చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు.

కాబట్టి పోయినవాళ్ల పేర్లు ముందే విడదీసి వేరే కాగితం మీద రాయండి. ఆ సంగతి మాస్టారికి ముందురోజే ఇంటికి వెళ్లి చెప్పండి, ఫోనులో కాదు. మొదట ఆ పేర్లు చదివి అందరూ ఒక నిమిషం నిలబడండి. ఆ తరువాత హాజరు.

10. ముందురోజు పరీక్ష

సాయంత్రం అయిదున్నరకు, అంటే కచేరీ వేళకే, హాలుకు వెళ్లండి.

- మైకులో ఒకరిచేత "శంఖం, షట్కం, సంపద" అనిపించండి. మీరు చివరి వరుస మూలన కూర్చోండి. శ, ష, స మూడూ వేరుగా వినబడితే ఉపన్యాసం అర్థమవుతుంది. బుసబుసగా కలిసిపోతే స్పీకర్ల దిశ మార్చండి.
- కరెంటు మెయిన్ ఆపించి, జనరేటరు ఎన్ని సెకన్లకు అందుకుంటుందో, మైకు తిరిగి పలుకుతుందో చూడండి. ప్రొజెక్టరు మళ్లీ వెలగడానికి పట్టే సమయం వక్తకు చెప్పండి.
- వక్త తెచ్చిన పెన్‌డ్రైవు అదే కంప్యూటరులో తెరవండి. తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తే పీడీఎఫ్‌గా మార్పించండి.
- మొదటి వరుస నుంచి మరుగుదొడ్డి దాకా నడవండి. మెట్లు, చీకటి మూల, జారే గచ్చు ఉన్నాయా? లోపల నీళ్లు వస్తున్నాయా? ఈ ఒక్క పరీక్ష అన్నిటికన్నా ముఖ్యం.
- తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో, ఆదివారం ఆయన ఎన్ని గంటలకు వస్తారో మాట తీసుకోండి. ఇంకో మనిషి నంబరు కూడా రాసుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

వేదిక మీద పన్నెండు కుర్చీలు వేయడం అన్నిటికీ తల్లి. పన్నెండు కుర్చీలంటే పన్నెండు ప్రసంగాలు, పన్నెండు శాలువాలు, పన్నెండు జ్ఞాపికలు. ఒక్కోటి అయిదు నిమిషాలైనా గంట పోతుంది. నలుగురు చాలు: అధ్యక్షుడు, వక్త, సంస్థ ప్రతినిధి, నిర్వాహకుడు.

ప్రజాప్రతినిధిని పిలవాలన్న ఆలోచన వస్తే, ఆయన ఎప్పుడు వస్తే అప్పుడు మీ కార్యక్రమం మొదలవుతుందని తెలుసుకుని పిలవండి. తప్పనిసరైతే భోజన వేళకు పిలవండి, ఎవరి వేళా చెడదు.

ఫ్లెక్సీ మీద ఫోటోలు వేస్తే ఎవరిది పెద్దది, ఎవరిది చిన్నది అన్న లెక్క వస్తుంది. కాలేజీ పాత భవనం బొమ్మ ఒకటి వేసి వదిలేయండి. భార్యాభర్తలను, పిల్లలను పిలిచి వాళ్ల సంగతి మరిచిపోవడం ఇంకొకటి. వాళ్లకు మీ హాస్టల్ కథలు పదిహేను నిమిషాలకు మించి పట్టవు. మధ్యాహ్నం ఒక వ్యాను పెట్టి ఉండవల్లి గుహలకో, మంగళగిరి గుడికో పంపండి.

బాగా జరిగిందని ఎలా తెలుస్తుంది

చప్పట్లు కొలత కావు. మూడు చోట్ల చూడండి. ఉపన్యాసం అయ్యాక టీ దగ్గర మాట్లాడుకునేది ఆ విషయమేనా, లేక రాజకీయాలా? మధ్యాహ్నం మూడున్నరకు ఎంతమంది ఒంటరిగా ఫోను చూసుకుంటున్నారు? కచేరీ మంగళం పాడే వేళకు, మొదలైనప్పుడు ఉన్నవాళ్లలో ఎంతమంది ఉన్నారు? మూడో లెక్క సగానికి తగ్గితే వచ్చే ఏడాది కచేరీని గంటంపావుకు కుదించండి.

ముగిశాక

పది రోజుల్లోగా లెక్క గ్రూపులో పెట్టండి, రశీదుల ఫోటోలతో. మిగులు ఉంటే ఏం చేయాలో ముందే అనుకోండి. మా వాళ్లు శాఖ గ్రంథాలయానికి పుస్తకాలు కొన్నారు. ఉపన్యాసం రికార్డు చేసి ఉంటే వక్త చూసి సరేనన్నాకే బయట పెట్టండి. వాచ్‌మనుకు, హాలు ఎలక్ట్రీషియనుకు, ఊడ్చినవాళ్లకు ఆ రాత్రే డబ్బు చేతికివ్వండి, వాళ్ల భోజనం ముందే పక్కన పెట్టించండి.

తాళాలు అప్పగించే ముందు హాలంతా ఒకసారి నడిచి చూడండి. కళ్లజోడు ఒకటి, మందుల డబ్బా ఒకటి, ఎవరివో జత మారిన చెప్పులు తప్పక దొరుకుతాయి. ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. కళ్లజోడు మనిషి వెంటనే ఫోను చేస్తాడు. చెప్పులు మారినవాళ్లు మాత్రం ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు.